రామాలు ఎవరు?

కామిక్స్ వీరుడు ఫాంటమ్ వంశంలో ఇరవయ్యోవాణ్ణి వెనక నుంచి పొడిచి చంపిన సముద్రపు దొంగ పేరు రామాలు. చిన్నప్పుడు ఆ పేరు చదివి, రాములనే మనవాడెవరో అంత దూరం వెళ్లి దొంగల్లో కలిశాడనుకున్నాను. అమెరికాలో లీ ఫాక్ రాసిన కథలో వాడి పేరు ఉత్త రామా అని ఈమధ్యే తెలిసింది. ఆ రోజంతా నా సంతోషం ఇంతా అంతా కాదు.

టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్లు 1964 మార్చిలో ఇంద్రజాల్ కామిక్స్ మొదలుపెట్టారు. తొలి సంచికే ఫాంటమ్ బెల్టు కథ. రాముడి పేరుగల హంతకుణ్ణి మన పిల్లల చేతికి ఎలా ఇస్తారు? అందుకని చివర ఓ ‘లు’ చేర్చారు. సింగ్ దొంగలు సింగా దొంగలయ్యారు. బెంగాలీ అనే అడవి దేశం డెంకాలీ అయింది. బొంబాయిలో ఎవరి కలం నుంచి జారిందో గానీ, ఆ ‘లు’ వల్ల దొంగకి అచ్చం తెలంగాణ పేరొచ్చింది.

ఇంద్రజాల్ తొలినాళ్లలో అక్కడే పనిచేసిన అనంత్ పాయ్ 1967లో ఢిల్లీలో ఓ టీవీ క్విజ్ చూశారు. గ్రీకు దేవతల గురించి టకటకా చెప్పిన పిల్లలు రాముడి తల్లి ఎవరంటే నోరు మెదపలేదట. అమర్ చిత్రకథ అలా మొదలైంది. ఒకచోట రాముడి పేరు కాపాడటానికి ‘లు’ తగిలించారు, ఇంకోచోట ఆయన కోసం పుస్తకాలే వేశారు. మూడేళ్ల తేడాలో జరిగిన ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం నాకిష్టం.

అసలు ఫాంటమ్ పుట్టింది పుస్తకంలో కాదు, దినపత్రికలో. 1936 ఫిబ్రవరి 17న మొదలైంది. రోజుకి మూడు నాలుగు గళ్లు, అంతే. మొదటి గడిలో నిన్నటి సంగతి కాస్త గుర్తుచేయాలి. చివరి గడిలో రేపటిదాకా ఊపిరి బిగబట్టించాలి. మధ్యలో మిగిలిన చోటులోనే కథ నడవాలి. నలుపు తెలుపుల్లో వచ్చిన రోజుల్లో ఫాంటమ్ దుస్తులు ఏ రంగో పాఠకుడికి తెలీదు. ఫాక్ మనసులో బూడిదరంగు ఉండేదట. 1939లో రంగుల ఆదివారం పేజీ వచ్చేసరికి ఊదారంగు పడింది. ఇటలీలో ఎరుపు, స్వీడన్‌లో నీలం. మన ఇంద్రజాల్‌లో మొదట నీలం, తర్వాత ఊదా. పుస్తకాల కోసం గళ్లు కోసి, మళ్లీ అతికి, పట్టనివి తీసేశారు. రోజువారీ నడక అక్కడే పోయింది. అరగంటలో చదివేసే పుస్తకంలో ఎదురుచూపుకి చోటేది? ఆ నష్టం చిన్నదని నేననుకోను.

మనవైపు 1930లలోనే తలిశెట్టి రామారావు గారు పత్రికల్లో వ్యంగ్యచిత్రాలు వేశారు. 1950లలో ఆంధ్రపత్రిక వారపత్రికలో ముళ్లపూడి రాత, బాపు గీత కలిసి బుడుగు పుట్టాడు. అది బొమ్మల పట్టీ కాదు, బొమ్మలున్న కథ. పుస్తకమైంది కాబట్టి ఈరోజుకీ ఇంటింటా ఉన్నాడు. పుస్తకం కాని బొమ్మలు ఎన్ని వేలో! అన్నీ పాతపేపర్ల కాంటా ఎక్కి, పల్లీల పొట్లాలై వెళ్లిపోయాయి. ఇది తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఈనాడు దినపత్రికలో శ్రీధర్ గారి వ్యంగ్యచిత్రం ‘ఇదీ సంగతి’ నాలుగు దశాబ్దాల పాటు, 2021 దాకా వచ్చింది. హైదరాబాద్ అమీర్‌పేటలో, బల్కంపేట ఎల్లమ్మ గుడికి నడిచి వెళ్లేంత దూరంలో ఉండే మా చిన్నాయన పొద్దున్నే కత్తెరతో సిద్ధంగా ఉండేవాడు. చిన్నమ్మ కాచిన మైదా జిగురుతో ఆ బొమ్మని లెక్కల పుస్తకంలో అతికేవాడు. అదే పుస్తకంలో వెనక నుంచి, ఇలస్ట్రేటెడ్ వీక్లీలో వచ్చిన ఫాంటమ్ పేజీలు. పక్కన పెన్సిల్‌తో తేదీ.

ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది. జిగురు ఊడిన ముక్కల్ని తిప్పితే వెనక సగం సినిమా ప్రకటనలు, తలల్లేని మంత్రులు, తోక తెగిన ధరల పట్టిక కనిపిస్తాయి. పోయిన ఆదివారం మా చిన్నదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని వెనక వైపు నుంచి చదివాం. ఒకచోట కొలిచి గీసిన ఖాళీ గడి వచ్చింది. తేదీ ఉంది, బొమ్మ లేదు. ఆ వారం వీక్లీ రాలేదన్నమాట. దొరుకుతుందేమోనని చిన్నాయన చోటు వదిలిపెట్టాడు.

“ఇక్కడ ఏమైంది?” అంది.

“చిన్నతాతకీ తెలీదు” అన్నాను. ఆ గడిలో వేలుపెట్టి, తనకి తోచిన కథ చెప్పడం మొదలుపెట్టింది.