ఆకుపచ్చ నెత్తురు: పిల్లల యాటలకు యోగ్యత నిర్ణయించిన కథ



మొన్నటి వేసవి సెలవులలో మా మనుమడు పట్టణమునుండి వచ్చినాడు. వానికి పదునొకండవ యేడు. ఒకనాటి మధ్యాహ్నము నేను పడకకుర్చీలో కూర్చుండి పంచాంగము చూచుకొనుచుండగా, వాడు తండ్రి సెల్‌ఫోనును తెచ్చి నా చేతిలో పెట్టి, "తాతయ్యా! ఈ ఆట ఆడొద్దని అమ్మ అంటోంది. ఇందులో రక్తం ఎర్రగా ఉండదు, ఆకుపచ్చగా ఉంటుంది. అయితే ఆడుకోవచ్చు కదా? నువ్వు చెప్పు" అని యడిగెను. ముప్పదిమూడేండ్లు బడిపిల్లల ప్రశ్నలకు సమాధానములు చెప్పినవాడను. ఈ ప్రశ్నకు మాత్రము నోరు పెగలలేదు. "రేపు చెప్పెదనురా" యని తప్పించుకొంటిని. ఆ రేపటికొఱకు చదువ మొదలిడిన పిదప తెలిసిన దేమనగా, మా వాడడిగిన ప్రశ్ననే దేశదేశముల న్యాయాధిపతులును, శాసనసభ్యులును, వర్తకులును ఏబదియేండ్లుగా ఒకరినొకరు అడుగుకొనుచున్నారు. ఆ చరిత్రనే నేడు మీకు విన్నవింతును.

ఆటలో చావు క్రొత్తది కాదు. మన యరుగులమీద గీచిన పులిమేకలో పులి మేకను చంపుచునే యున్నది. చదరంగములో ఏనుగులును, గుఱ్ఱములును, మంత్రియు హతమగుచునే యున్నారు. దానినిచూచి బెదరిన తల్లి యెవతెయు లేదు. చావును కంటి కెంతవఱకు చూపవచ్చునను విచారమును మన పూర్వులకు క్రొత్తది కాదు. యుద్ధము, మరణము, రాజ్యభ్రంశము, నగరమును ముట్టడించుట, వీనిని రంగముమీద ప్రత్యక్షముగా చూపరాదనియు, ప్రవేశకాదుల ద్వారమున తెలుపవలెననియు భరతుని నాట్యశాస్త్రమున నియమము కలదు. ఆ నియమమును మీఱినవారును లేకపోలేదు. భాసుని పేర వెలసిన ఊరుభంగములో దుర్యోధనుడు ప్రేక్షకుల యెదుటనే ప్రాణములు విడుచును. కాని ఎంత చూపినను నాటకమునందు మనము చూచువారము మాత్రమే. గద యెత్తువాడు వేఱొకడు. వీడియో ఆటలో గద పిల్లవాని చేతిలో నుండును. ఈ భేదమును మనస్సునం దుంచుకొని తక్కిన కథ వినుడు.

1976లో అమెరికాలో ఎక్సిడీ యను సంస్థ 'డెత్ రేస్' అను ఆటయంత్రమును విడుదల చేసెను. నాణెము వేసి, ఎదుటనున్న చక్రమును త్రిప్పుచు తెఱమీది కారును నడపవలెను. పుల్లలతో చేసినట్టి బొమ్మలు అటునిటు పరుగెత్తుచుండును. వానిని కారుతో గుద్దినచో ఒక కీచుకేక వినవచ్చి, ఆ చోట చిన్న సిలువగుర్తు నిలుచును. అంతయు నలుపు తెలుపుల చిత్రమే. నెత్తురు బొట్టయినను లేదు. అయినను, దారిన పోవువారిని కారుక్రింద త్రొక్కుట యాట యగునా యని పెద్ద యలజడి పుట్టెను. ఆ దేశపు జాతీయ భద్రతామండలి దానిని నిందించినది. చేసినవారు అవి మనుష్యులు కావనియు, గ్రెమ్లినులను ఒక జాతి భూతములనియు చెప్పిరి. మా మనుమని 'ఆకుపచ్చ రక్తము' వాదమునకు ఆదిమూలము ఈ సమాధానమే యని నా యభిప్రాయము.

తరువాత పదునాఱేండ్లకు, 1992లో, మిడ్‌వే సంస్థ 'మోర్టల్ కోంబాట్' అను ద్వంద్వయుద్ధపు ఆటను తెచ్చినది. ఇందు పుల్లబొమ్మలు లేవు. నిజమైన నటుల చిత్రములను తీసి కదలించిరి. ఓడి తూలుచున్నవాని గుండెను పెఱికివేయుట, వెన్నెముకతో కూడ తలను లాగివేయుట మొదలగునవి గెలిచినవానికి బహుమానములవంటివి. 1993 సెప్టెంబరు 13వ తేదీన ఆ యాట ఇండ్లలో ఆడుకొనుటకు వీలుగా సెగా, నింటెండో యను రెండు జపాను సంస్థల యంత్రములపై వెలువడెను. నింటెండోవారు నెత్తురును తీసివేసి బూడిదరంగు చెమట నుంచిరి. చంపెడి విధములను తగ్గించిరి. సెగావారు నెత్తురును దాచియుంచి, రహస్యముగా కొన్ని మీటలు వరుసగా నొక్కినచో బయటపడునట్లు చేసిరి. ఆ రహస్యము పిల్లల నడుమ ఎంతకాలము రహస్యముగా నుండునో బడిలో పనిచేసినవారి నడుగుడు. సెగావారి ఆటయే ఎక్కువ అమ్ముడుపోయెను. మఱుసటియేడు వచ్చిన రెండవభాగములో నింటెండోవారును నెత్తురును నెత్తురుగానే విడిచిపెట్టిరి.

అమెరికా సెనేటులో కనెక్టికట్ రాష్ట్రపు సభ్యుడైన జోసెఫ్ లీబర్మన్‌కు ఈ సంగతి తెలిసిన తీరు వినదగినది. ఆయన కార్యాలయములోని ముఖ్యోద్యోగిని కుమారుడు ఆ యాట కొనిపెట్టుమని యడిగెనట. తండ్రి దానిని చూచి నివ్వెఱపోయి సెనేటరుతో చెప్పెను. ఎంతటి రాజ్యాంగచర్చయైనను ఒక్కొక్కప్పుడు పిల్లవాని మారాముతోనే మొదలగును. 1993 డిసెంబరు 9వ తేదీన లీబర్మన్, విస్కాన్సిన్ సభ్యుడు హెర్బ్ కోల్ కలసి బహిరంగ విచారణ జరిపిరి. ఆటల దృశ్యములను సభలో ప్రదర్శించిరి. సెగా ప్రతినిధియు నింటెండో ప్రతినిధియు సభయెదుటనే ఒకరి తప్పులు ఒకరు బయటపెట్టుకొనిరి. మఱునాడే, అనగా డిసెంబరు 10న, 'డూమ్' అను తుపాకియాట వెలువడినది. ఆడువాని చేతిలోని తుపాకి మాత్రమే తెఱమీద కనబడును. కన్ను మనది, గుఱి మనది. మోర్టల్ కోంబాట్‌లో మనము మఱియొకనిని ఆడించుచుంటిమి. ఇందు మనమే ఆ చంపువారము. సభవారు నెత్తురును లెక్కించుచుండగా ఆట వేఱొక ద్వారమున లోనికి వచ్చెను.

మీరే నియమము లేర్పఱచుకొననిచో ప్రభుత్వమే సంఘము నేర్పఱచునని 1994లో ఒక బిల్లు ప్రవేశపెట్టబడెను. పరీక్షాధికారి వచ్చుచున్నాడని తెలిసిన పిదప గోడలకు సున్నము కొట్టించు బడులవలె, ఆటల వర్తకులు త్వరపడి ఆ యేటి సెప్టెంబరులో ఈఎస్ఆర్‌బీ యను యోగ్యతా మండలిని నెలకొల్పిరి. పెట్టెమీద ఆంగ్లాక్షర మొకటి ముద్రింతురు. 'ఈ' యనగా అందఱికి, 'టీ' యనగా పదుమూడేండ్లు దాటినవారికి, 'ఎమ్' అనగా పదునేడేండ్లు దాటినవారికి. అక్షరముతోపాటు ఆటలో నెత్తురున్నదా, జూదమున్నదా, బూతుమాటలున్నవా యని చిన్న వివరమును వేయుదురు. తల్లిదండ్రులకు ఇది మేలు చేసినదనుటలో సందేహము లేదు.

అయితే ఆ నిర్ణయము చేయు విధమును గమనింపుడు. ఆట చేసినవారే ప్రశ్నావళి నింపి, ఆటలోని మిక్కిలి ఘోరమైన ఘట్టములను చిత్రముగా పంపవలెను. నిర్ణేతలు ఆ చిత్రమును చూచి అక్షరము వేయుదురు. వారు ఆ సమయమున ఆటను ఆడరు, చూతురు. అనగా వీడియో ఆటను నాటకమువలె పరీక్షించుచున్నారు. ఇక నేడు సెల్‌ఫోనులో దిగుమతి చేసుకొను ఆటలకు పెక్కింటికి, చేసినవాడిచ్చిన సమాధానములనుబట్టి యంత్రమే వయస్సంఖ్యను తేల్చును. ఇన్ని వేల యాటలకు వేఱొక యుపాయము లేదేమో గాని, విద్యార్థియే తన పత్రమునకు మార్కులు వేసికొన్నట్లు నాకు తోచును.

ఐరోపాలో మార్గము కొంత వేఱు. జర్మనీలో 1994లోనే యూఎస్‌కే యను సంస్థ ఏర్పడినది. 2003నుండి దాని నిర్ణయములకు చట్టబలము కలిగినది. అదే యేట పెక్కు ఐరోపాదేశములకు పెగి యను పద్ధతి వచ్చి, 3, 7, 12, 16, 18 అను సంఖ్యలు పెట్టెలమీద వెలసినవి. ఇంగ్లండులో 1997లో జరిగిన యొక ముచ్చట మాత్రము చెప్పకుండ పోజాలను. 'కార్మగెడాన్' అను ఆటలో దారిన పోవువారిని కారుతో త్రొక్కి మార్కులు సంపాదింతురు. ఆ దేశపు చిత్రపరీక్షకులు అనుమతి నిరాకరించిరి. సంస్థవారు బాటసారులను నడుచు శవములుగా మార్చి, వారి నెత్తురును ఆకుపచ్చగా చేసి విడుదల చేసిరి! కారు అదే, వీథి అదే, త్రొక్కుటయు అదే. అప్పీలులో సంస్థవారే గెలిచి ఎఱ్ఱనెత్తురును మరల తెచ్చుకొనిరి. 1976నాటి గ్రెమ్లినులు పేరు మార్చుకొని మరల వచ్చిన వన్నమాట.

ఇక న్యాయస్థానముల మాట. ఘోరమైన యాటలను పదునెనిమిదేండ్లలోపు వారికి అమ్మరాదని కాలిఫోర్నియా రాష్ట్రము 2005లో చట్టము చేయగా, 2011 జూన్ 27న అమెరికా సర్వోన్నత న్యాయస్థానము ఏడుగురు ఒకవైపు, ఇద్దఱు మఱియొకవైపుగా దానిని కొట్టివేసెను. తీర్పు వ్రాసిన స్కాలియా, పిల్లలకు చెప్పెడి గ్రిమ్ సోదరుల కథలలోను పావురములు కన్నులు పొడుచుట మొదలగు క్రౌర్యము లున్నవి గదా యనెను. ఆటలకును పిల్లల దుడుకుతనమునకును కొంత సంబంధము కనబడవచ్చును గాని, ఇది కారణము, అది కార్యము అని పరిశోధనలు నిరూపింపలేదనియు చెప్పెను. భిన్నాభిప్రాయము వ్రాసిన బ్రేయర్ అడిగిన ప్రశ్నయు బలమైనదే. నగ్నచిత్రమున్న పత్రికను పదుమూడేండ్ల బాలునకు అమ్మరాదని చట్టమున్నదే, అదే స్త్రీని కట్టి, నోరు మూసి, హింసించి చంపెడి యాటను వానికి అమ్మవచ్చునా? నాకు స్కాలియా తర్కము నచ్చినది. బ్రేయర్ ప్రశ్న నిద్రపట్టనీయలేదు. అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుల సంఘమువారు 2020లో తేల్చిన దేమనగా, ఇట్టి యాటలకు అరుపులు, త్రోపులవంటి దుడుకుతనముతో స్వల్పసంబంధము కలదు గాని, ఘోరకృత్యములకు ఇవియే కారణమనుటకు చాలిన యాధారము లేదు. ఎక్కడ దారుణము జరిగినను వెంటనే ఆటమీదికి నేరము త్రోయువారు దీనిని చదువవలెను.

మన దేశమునకు వత్తము. 'పబ్‌జీ' సెల్‌ఫోను ఆట 2018లో వచ్చినది. నూఱుమంది ఒక దీవిలో దిగి, చివరకు మిగిలినవాడు గెలుచును. 2019లో గుజరాతులోని రాజకోట పోలీసులు దానిని నిషేధించి కొందఱు యువకులను నిర్బంధించిరి. 2020 సెప్టెంబరు 2న కేంద్రప్రభుత్వము నిషేధించిన 118 చైనాసంబంధపు యాప్‌లలో ఇదియు నొకటి. చెప్పిన కారణము దేశభద్రత. పిల్లల మనస్సు కాదు. 2021 జూలైలో అదే యాట 'బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా' యను క్రొత్తపేరుతో వచ్చినది. పదునెనిమిదేండ్లలోపు వారికి దినమునకు మూడు గంటలే యని హద్దు పెట్టిరి. నెత్తురును ఆకుపచ్చగా చేసిరి. 2022 జూలైలో అదియు తొలగింపబడి, 2023 మేలో మరల వచ్చెను. మా మనుమని వాదము ఎక్కడ పుట్టి, ఎన్ని సముద్రములు దాటి మా యింటికి వచ్చినదో నాకు అప్పుడు బోధపడినది.

మఱునాడు వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "నా యెదుట ఒక అరగంట ఆడుము" అంటిని. నెత్తురు నిజముగా ఆకుపచ్చగానే యున్నది. దానిని చూచి నాకు భయము కలుగలేదు. చంపబడుచున్న వారెవరో, వారు చేసిన యపరాధ మేమో వానికి తెలియదు. ఆటలో ఎక్కడను చెప్పలేదు. ఇంతలో ఫోనులోనుండి ఎవరో పెద్దవాని గొంతు, మా యింట ఎన్నడును వినబడని మాటతో వానిని తిట్టినది. వాడు ఉలికిపడలేదు. "ఎవడో తెలీదు తాతయ్యా, మా జట్టువాడే" యని యాడుచునే యుండెను. అంగడిలో ఆ యాటకు వేసిన సంఖ్య వాని వయస్సుకంటె పెద్దదే. కాని తల్లియు నేనును కలసి నిర్ణయించినది ఆ సంఖ్యనుబట్టి కాదు, వాడు ఉలికిపడకుండుటనుబట్టి. ఈ యాట ఇప్పుడు వలదని, కారులపందెపు ఆటను మాత్రము కూడములో అందఱి యెదుట ఆడుకొనవచ్చునని చెప్పితిమి. వాడు రెండు దినములు అలిగినాడు.

మూడవనాటి రాత్రి డాబామీద పండుకొని, అలుక మాని కథ చెప్పుమన్నాడు. భారతములో మాకు ఆనాటి వంతు కీచకవధ. భీముడు నర్తనశాలలో వానిని మాంసపుముద్ద చేసిన ఘట్టమును నేను ఉత్సాహముగా చెప్పుచుండగా, చీకటిలోనుండి వాని గొంతు వినబడినది: "దీనికి ఎన్నేళ్లుండాలి, తాతయ్యా?"