పొరుగూరికి గగనదారి

శాన్ డియేగో నుంచి లాస్ ఏంజెలిస్‌కి గాలిలో సుమారు 175 కిలోమీటర్లు. మన లెక్కలో హైదరాబాదులో బయల్దేరి కోదాడ చేరినంత. చిన్న విమానానికి గంట పని. ఆకాశంలో గట్లూ లేవు, గేట్లూ లేవు కనుక ముక్కు అటు తిప్పి పోవచ్చు అనుకుంటాం. కానీ పసిఫిక్ మీంచి వచ్చే మబ్బుదుప్పటి పొద్దున్నే తీరమంతా కప్పేసి ఉంటుంది. జూన్‌లో అది మరీ ఎక్కువ. అక్కడివాళ్ళు దానికి ‘జూన్ గ్లూమ్’ అని పేరే పెట్టేశారు. ఆ మబ్బులోకి దూరాలంటే కంట్రోలర్ ఒప్పుకోవాలి. పైలట్ రేడియోలో అడుగుతాడు. అవతలి నుంచి నాలుగక్షరాలూ ఓ అంకే కలిసిన గుర్తు ఒకటి వస్తుంది. ఎక్కడ మలుపు తిరగాలో, ఎన్ని అడుగుల ఎత్తులో ఉండాలో అంతా ఆ గుర్తు వెనక ముందే రాసిపెట్టి ఉంది. వీటిని టవర్ ఎన్‌రూట్ దారులంటారు. పైలట్ల నోట్లో ‘టెక్ రూట్లు’.

పొరుగూరికి పోయే దారి ఇంత వంకరగా ఎందుకుందో తెలియాలంటే వందేళ్ళు వెనక్కి, నేలమీదికి దిగాలి.

1921 ఫిబ్రవరి 22 రాత్రి అమెరికా తపాలాశాఖ రాత్రిపూట కూడా విమానంలో ఉత్తరాలు పంపించి చూపిద్దామనుకుంది. జాక్ నైట్ అనే పైలట్ నార్త్ ప్లాట్‌లో సంచీలు ఎక్కించుకుని ఒమాహా చేరాడు. అక్కడ అందుకోవాల్సిన రెండో పైలట్ రాలేదు. సరే నేనే పోతానని, తానెన్నడూ ఎగరని దారిలో, రోడ్డు మ్యాపు ఒకటి దగ్గర పెట్టుకుని షికాగో బయల్దేరాడు. కింద ఊళ్ళవాళ్ళు మంటలు వేసి దారి చూపించారు. ఆ మంటలే తర్వాత పద్ధతిగా మారాయి. సుమారు పది మైళ్ళకొక దీపస్తంభం, దాని కాళ్ళ దగ్గర డెబ్భై అడుగుల కాంక్రీటు బాణం, దానికి పసుపు రంగు. ఆ బాణాలు కొన్ని ఇప్పటికీ అమెరికా ఎడారుల్లో పడి ఉన్నాయి.

1920ల చివర్లో దీపాల చోటికి శబ్దం వచ్చింది. నేలమీది రేడియో కేంద్రం దారికి ఒక పక్కకు మోర్స్ లిపిలో ‘ఏ’, రెండో పక్కకు ‘ఎన్’ పంపేది. మొదటిది చుక్కా గీతా, రెండోది గీతా చుక్కా. సరిగ్గా దారి మధ్యన ఉంటే రెండూ అతుక్కుని తెగని మోతగా వినిపించేవి. చెవులు రెండూ అప్పగించి గంటల తరబడి ఆ మోత వింటూ ఎగిరిన తరం అది. 1950 ప్రాంతంలో వీఓఆర్ అనే రేడియో కేంద్రాలు వచ్చి దిక్కును సూదితో చూపించాయి. వాటి మధ్య గీసిన గీతలే విక్టర్ ఎయిర్‌వేలు. నేటి టెక్ రూట్లకు పునాది చాలావరకు ఆ గీతలే.

దారి చూపడం సరే, అదే దారిలో ఇంకెవరున్నారో చెప్పేదెవరు? 1935 డిసెంబర్ 1న నువార్క్‌లో విమాన కంపెనీలే కలిసి మొదటి నియంత్రణ కేంద్రం తెరిచాయి. మరుసటేడు జూలైలో ప్రభుత్వం తీసుకుంది. రాడార్ లేని రోజులు. బల్లమీద మ్యాపు పరిచి, ఒక్కో విమానానికి గుర్తుగా పడవ ఆకారపు చిన్న బిళ్ళను చేత్తో జరిపేవారు. వాటిని ‘రొయ్యల పడవలు’ అని పిలుచుకునేవారు. పైలట్‌తో నేరుగా మాట్లాడే ఏర్పాటు కూడా లేదు. కబురంతా కంపెనీ రేడియో మనుషుల ద్వారానే.

ఈ ఏర్పాటు ఎంత పలచనో 1956 జూన్ 30న తేలింది. లాస్ ఏంజెలిస్ నుంచి మూడు నిమిషాల తేడాతో రెండు పెద్ద విమానాలు లేచాయి. ఒకటి కాన్సస్ సిటీకి, ఒకటి షికాగోకి. రెండూ ఎయిర్‌వే వదిలి గ్రాండ్ కాన్యన్ మీదుగా, 21,000 అడుగుల ఎత్తులో అడ్డంగా పోతూ ఢీకొన్నాయి. 128 మంది పోయారు. పైలట్లు నియమమేదీ తప్పలేదు. ఎయిర్‌వే వదిలిన విమానాన్ని కనిపెట్టుకుని ఉండాల్సిన పని నేలమీద ఎవరికీ లేదంతే. రెండేళ్ళలో కొత్త చట్టం, ఇప్పుడు ఎఫ్‌ఏఏ అంటున్న సంస్థ వచ్చాయి.

ఇక్కడో తిరకాసు ఉంది. రాడార్లు వచ్చాక ఆకాశం రెండు రకాల గదుల మధ్య పంపకమైంది. ఊరి విమానాశ్రయాల చుట్టుపక్కల రాకపోకలు చూసేది అప్రోచ్ కంట్రోల్. ఊళ్ళ మధ్య దూరప్రయాణం చూసేది సెంటర్. లాస్ ఏంజెలిస్ సెంటర్ కొండల అవతల పామ్‌డేల్‌లో ఉంది. అప్రోచ్ గదిలోని రాడార్ సుమారు ఐదు సెకన్లకొకసారి తిరుగుతుంది. అందుకే అక్కడ రెండు విమానాల మధ్య మూడు నాటికల్ మైళ్ళు చాలంటారు. సెంటర్ చూసే దూరపు రాడార్ తిరగడానికి పన్నెండు సెకన్లదాకా పట్టేది. అక్కడ ఐదు మైళ్ళు ఉండాల్సిందే. హ్యూస్టన్ పోయే జెట్‌కి ఈ తేడా లెక్కలోది కాదు. నలభై నిమిషాల విమానానికి మాత్రం, సెంటర్ దాకా ఎక్కి, అక్కడ చోటిమ్మని అడిగి, వెంటనే మళ్ళీ అప్రోచ్ చేతికి దిగడమంటే పక్కింటికి పోవడానికి తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగినట్టే.

అందుకని పక్కపక్కన ఆనుకుని ఉన్న అప్రోచ్ గదులు తమలో తాము ఒప్పందం రాసుకున్నాయి. మా పొలిమేరలో ఫలానా చోట, ఫలానా ఎత్తులో మీకు అప్పగిస్తాం; మీరు ఇటు పంపేవి వేరే చోట, వేరే ఎత్తులో రావాలి. ముందే రాసుకున్నాక ప్రతి విమానానికీ ఫోన్ ఎత్తనక్కర్లేదు. మిల్వాకీ, షికాగోల మధ్య జెట్లను కూడా ఇలాగే చేతులు మార్చే అలవాటు ఎప్పటినుంచో ఉంది. ఎఫ్‌ఏఏ ఈ పద్ధతిని విస్తరించినప్పుడు ప్రధానంగా జెట్లు కానివాటికి, పదివేల అడుగులలోపు, రెండు గంటలు మించని ప్రయాణాలకు ఉద్దేశించింది. దారుల జాబితాను 56 రోజులకోసారి అచ్చువేసే పుస్తకంలో చేర్చింది. దూరప్రయాణాలకు ‘ప్రిఫర్డ్’ దారులని వేరే పట్టిక ఉంటుంది. ప్రిఫర్డ్ అంటే ఎవరికి ఇష్టమని? పైలట్‌కి కాదు, కంట్రోలర్‌కి.

అన్నట్టు, టవర్ ఎన్‌రూట్ అన్న పేరులో టవర్ ఉందిగానీ ఈ పనిలో ఎత్తైన అద్దాల గదికి పాత్ర తక్కువ. అసలు పని కిటికీలు లేని రాడార్ గదిది. ఒకప్పుడు ఆ గది టవర్ కిందే ఉండేది, పేరు అలా అతుక్కుపోయింది.

దక్షిణ కాలిఫోర్నియా పట్టికలో అవే రెండు ఊళ్ళ మధ్య కూడా దారి విమానాన్ని బట్టి మారుతుంది. జెట్లది ఒక వరస, టర్బోప్రాప్‌లది ఒకటి. మిగతావాటిలో 190 నాట్ల వేగం అందుకునేవి ఒక వరస, అందుకోలేనివి ఇంకో వరస. నెమ్మదిగా పోయేదాన్ని వేగంగా వచ్చేదాని ముందు పెడితే వెనకాలున్నదానికి బ్రేకులుండవు కదా. కొన్ని దారులు తీరం వదిలి సముద్రం మీదుగా పోతాయి. ఒక్కటే ఇంజిన్ ఉన్నవాడికి కింద నీళ్ళు చూస్తే గుండె కాస్త వేగంగానే కొట్టుకుంటుంది. జెట్ల దిగుడుబాటకు అడ్డం రాకుండా అతన్ని అటు నెట్టారన్నమాట.

ఇంత కట్టుదిట్టం దేనికంటే, ఆ ఆకాశం ఎంత ఇరుకో 1986 ఆగస్టు 31న సెరిటోస్ ఊరు చూసింది. టోరెన్స్‌లో లేచిన చిన్న పైపర్ విమానం అనుమతి లేకుండా నియంత్రిత ప్రాంతంలోకి వచ్చి, లాస్ ఏంజెలిస్‌లో దిగబోతున్న ఏరోమెక్సికో జెట్‌ని తాకింది. రెండు విమానాల్లోని 67 మందీ, కింద ఇళ్ళలో 15 మందీ చనిపోయారు. పైపర్ ఏ టెక్ రూట్లోనూ లేదు, ఏ గదితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాతే రద్దీ విమానాశ్రయాల చుట్టుపక్కల చిన్న విమానాలకు ఎత్తు తెలిపే ట్రాన్స్‌పాండర్లూ, పెద్ద విమానాలకు ఢీకొనకుండా హెచ్చరించే యంత్రాలూ తప్పనిసరయ్యాయి.

ఇప్పుడు జీపీఎస్ ఉంది. పైలట్ తెరమీద తిన్నగా గీత గీసుకోగలడు. గీసుకుని అడిగినా కంట్రోలర్ చాలాసార్లు ఆ పాత వంకరదారే చదువుతాడు. తిన్నని గీతకు పక్క గదితో ఒప్పందం లేదు మరి. ఆ గదులు కూడా చాలావరకు లేవు. లాస్ ఏంజెలిస్, బర్‌బ్యాంక్, ఆంటారియో, శాన్ డియేగో, కోస్ట్ అని విడివిడిగా ఉన్న అప్రోచ్‌లను 1990ల్లో శాన్ డియేగో దగ్గరి మిరమార్‌లో ఒకే కప్పు కిందికి చేర్చారు. కోస్ట్ అన్న గది మూతబడింది. ఆరెంజ్ కౌంటీలో లేచే చిన్న విమానానికి మబ్బు పట్టిన పొద్దున కంట్రోలర్ చదివే గుర్తు మాత్రం ఇంకా ‘సీఎస్‌టీ’తోనే మొదలవుతుంది.