మన్యపు మోరి – ఊరూరా సాగిన నాదసేవ



ఆలయమనగానే మన మనస్సులో గోపురము, ధ్వజస్తంభము, గర్భాలయము మెదలుతాయి. శిల ఒకచోట నిలిచి ఉంటుంది కనుక దానికి చరిత్ర వ్రాయడం సులభం. నాదం మ్రోగిన క్షణాననే గాలిలో కలిసిపోతుంది. జీర్ణమైన శిలను తిరిగి నిలుపుకొంటున్న ఈ శుభవేళ, తరతరాలుగా మన్యపు దేవతల ముంగిట వాయించి, ఏ శాసనంలోను పేరు నమోదు కాని సంచార వాద్యకారులను స్మరించుకొనడం మన విధి అని భావించి ఈ వ్యాసాన్ని మీ ముందుంచుతున్నాము.

తూర్పు కనుమలలోని అరకు లోయ, దాని చుట్టూ ఉన్న పాడేరు, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట ప్రాంతాలు భగత, కొండదొర, కొటియ, ఖోండు, పోర్జ, వాల్మీకి మొదలైన గిరిజన తెగలకు నిలయాలు. వీరందరినీ ఒక్క వలయంగా చేర్చేది ధింసా నృత్యం. ఆడేవారి చేతులు ఒకరి వెనుక నుండి మరొకరిని పెనవేసుకొని ఉంటాయి. అడుగు తప్పకుండ నడిపించేది మాత్రం వాద్యబృందమే. సన్నాయిని పోలిన మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు ఈ బృందంలోని ప్రధాన వాద్యాలు.

ఈ విద్య సామాన్యమైనది కాదని పాఠకులు గమనించవలెను. గ్రామదేవతను కొలిచే బోడ ధింసా ఒకటి; ఆకులు కోసే పనిని అభినయించే పోతర్ తోల మరొకటి; పులి బారి నుండి తప్పించుకొనే తీరును చూపే బాగ్ ధింసా ఇంకొకటి. గుండేరి, గొడ్డిబేట, కుండ, నాటికారి అనే భేదాలు కూడ ఉన్నవి. దేవత పూనిన వేళ ఆడేది బాయ ధింసా. ఒక్కొక్క దానికి అడుగు వేరు, నడక వేరు. వాద్యకారుడు వీటినన్నింటిని తాళపత్రము, స్వరలిపి ఏమీ లేకుండ పెద్దల వెంట నడచి నేర్చుకొనవలసినదే. తడిగాలికి డప్పు చర్మం సడలినచో నిప్పు సెగ చూపి బిగింపు తెచ్చుకొనడం సైతం ఆ విద్యలో భాగమే.

ఈ వాద్యసేవలో వాల్మీకి తెగవారి పాత్ర విశిష్టమైనది. పూర్వపు ప్రభుత్వ గ్రంథాలు వీరిని దొంబులుగా పేర్కొన్నవి. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ ప్రచురించిన దక్షిణ భారత కులముల, తెగల గ్రంథంలో విశాఖ మన్యపు దొంబులు నేతవారుగా, వర్తకులుగా, వాద్యకారులుగా కనిపిస్తారు. ఈ మూడు వృత్తులూ ఊరు దాటి పోయేవే. గుడ్డ అమ్మబోయిన సంతలోనే పెండ్లి కబురు తెలియవచ్చును. చైత్రమాసంలో ఇటుకల పండుగ, ఆపై గ్రామదేవతల జాతరలు, కొత్తల పండుగలు, వివాహాలు – ఒక ఊరి వేడుక ముగిసిన పిమ్మట మరొక ఊరి పిలుపు. ప్రతిఫలంగా ధాన్యము, భోజనము, కొంత రొక్కము. తెగకొక భాష ఉన్న కొండలలో ఆదివాసీ ఒడియా అందరికీ వాడుక భాష కావడం కూడ ఈ సంచారానికి ఆధారమైనది.

ఇక్కడ ఒక చారిత్రక సత్యాన్ని మనవి చేయవలెను. నేటి కోరాపుట్ ప్రాంతంతో కూడిన జయపురం జమీందారీ ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలోనిదే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఆ కొండల నడుమ ఎల్ల గీయబడినది. నాదానికి ఎల్ల లేదు గాని మనుష్యునికి కలిగినది. ఈ వైపు షెడ్యూల్డు ప్రాంతపు వాల్మీకులు షెడ్యూల్డు తెగల జాబితాలో ఉండగా, ఆ వైపు దొంబులు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్నారు. మూలమొకటైన జనం రెండు ప్రభుత్వ పట్టికలలో రెండు విధాలుగా చేరినారు.

మైదానపు సంగీతకారుల స్థితితో దీనిని పోల్చి చూడుడు. అక్కడి దేవాలయాలలో నాదస్వర మేళాలకు సేవా మాన్యాలు ఉండేవి. ఆంధ్ర ప్రాంతంలో 1956 నాటి ఇనాముల రద్దు చట్టం వరకు ఆ ఏర్పాటు సాగినది. బొబ్బిలి సమీపాన అజ్జాడలో 1864లో జన్మించిన ఆదిభట్ల నారాయణదాసు గారు కాలికి గజ్జె కట్టి ఊరూరా హరికథలు చెప్పిన మహా సంచారి. అట్టి వారికి సైతం 1919లో విజయనగరం సంగీత కళాశాల ఏర్పడినప్పుడు దాని తొలి ప్రధానాచార్య పీఠం లభించినది. 1936లో ఆ పీఠం ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి సంక్రమించినది. సంచరించిన విద్యకు ఒక గూడు, శిష్యులకు ఒక దారి అమరినవి. కొండపై మోరి వాయించిన వానికి మాన్యమూ లేదు, పీఠమూ లేదు.

1960లలో కొత్తవలస – కిరండోల్ రైలుమార్గం నిర్మింపబడిన పిదప అరకు లోకానికి చేరువైనది. పర్యాటకుల ఎదుట ధింసా వేదిక నెక్కినది. దీనివలన కొందరికి జీవనాధారం దొరకినదనుట నిజమే. అయితే రాత్రి తెల్లవార్లు సాగవలసిన ఆట కొన్ని నిమిషాల ప్రదర్శనగా కుదించబడినప్పుడు అన్ని నడకలకు అవకాశమెక్కడ? పెండ్లిళ్లలో, జాతరలలో ధ్వనిపెట్టెల హోరు మోరి స్థానాన్ని ఆక్రమిస్తున్నది. వాయించేవారికి పిలుపు తగ్గినచో, వెంట నడచి నేర్చుకొనే పిల్లవాడు ఉండడు. గ్రంథస్థం కాని విద్యకు ఆ పిల్లవాడే గ్రంథం.

బెంగాలులో ఊరూరా తిరిగి పాడే బౌలుల గానాన్ని 2005లో యునెస్కో మానవాళి వారసత్వ కళాఖండంగా ప్రకటించినది. తమవారి విలువను గుర్తించుటకు మనము అంతటి గుర్తింపు కొరకు వేచి ఉండనక్కరలేదు.

కావున పాఠకులకు మా విన్నపం. ప్రతిష్ఠా దినాలలో మంగళవాద్యముతో పాటు మోరి, తుడుము, జోడుకొమ్ములకు కూడ ప్రాంగణంలో గౌరవస్థానం కల్పించండి. వాద్యకారులకు ముందుగా మాట చెప్పి, తగిన సంభావన, వసతి, పంక్తిలో సమానముగా భోజనం ఏర్పరచండి. వృద్ధ వాద్యకారుల నడకలను వారి అనుమతితో పేరుతో సహా ధ్వనిముద్రణ చేసి ఆలయంలో భద్రపరచండి. ఏటా ఒకరిద్దరు బాలురకు, బాలికలకు నేర్పే భారాన్ని ఉత్సవ నిధి నుండి వహించండి. కుంభాభిషేక జలం శిఖరానికి చైతన్యాన్నిస్తుందని పెద్దల విశ్వాసం. కొండలు దిగి వచ్చి మన వాకిట వాయించే వానికి దక్కే ఆదరణ ఆ నాదానికి చైతన్యం. దానిని నిలుపవలసినవారు మీరే.

శుభం భూయాత్.