ఫిలాక్సెరా విపత్తు

19వ శతాబ్దం ద్వితీయార్ధంలో ఫ్రాన్స్ ద్రాక్ష తోటలను, ఆ వెనుకే ఐరోపాలోని చాలా వైన్ ప్రాంతాలను ఎండగట్టిన పురుగు ఫిలాక్సెరా. ఇది పేనుబంకకు దగ్గరి చుట్టం. పసుపు రంగులో, సుమారు ఒక మిల్లీమీటరు పొడవుంటుంది. దీని పుట్టినిల్లు ఉత్తర అమెరికా తూర్పు భాగం. అక్కడి అడవి ద్రాక్ష తీగలు తరతరాలుగా దానితో కలిసి బతుకుతూ, వేరుకు తగిలిన గాయాన్ని మాన్చుకునే శక్తి సంపాదించాయి. వైన్‌కు వాడే ఐరోపా జాతి వైటిస్ వినిఫెరాకు ఆ శక్తి లేదు. పురుగు కుట్టిన చోట వేరు ఉబ్బి కుళ్లుతుంది, కొన్నేళ్లకు తీగ చచ్చిపోతుంది.

పురుగు మొక్కలతోపాటే సముద్రం దాటింది. 1850ల్లో బూడిద తెగులు ఫ్రాన్స్‌ను పీడించినప్పుడు దాన్ని తట్టుకునే అమెరికా తీగలను కొందరు తెప్పించి నాటారు. ఆవిరి ఓడలు ప్రయాణ కాలాన్ని తగ్గించడంతో వేర్లలో దాగిన పురుగు ప్రాణాలతో ఒడ్డుకు చేరింది. 1863లో లండన్ దగ్గరి హామర్‌స్మిత్‌లో ఒక గాజు పందిరి కింద అది కనబడింది. దాదాపు అదే సమయంలో రోన్ నది దిగువ ప్రాంతంలోని తోటలు కారణం తెలియకుండా ఎండిపోసాగాయి.

కారణం దొరకకపోవడానికి ఒక చిక్కుంది. చచ్చిన తీగను పెకలిస్తే వేర్లలో ఏమీ ఉండదు, పురుగులు అప్పటికే పక్క తీగకు వెళ్లిపోయి ఉంటాయి. 1868 జులైలో సాన్ మార్తాన్ ద క్రో వద్ద మోంపెల్యే వృక్షశాస్త్రవేత్త జూల్ ఎమీల్ ప్లాంషాన్, ఆయన సహచరులు గాస్తాన్ బజీల్, ఫెలిక్స్ సయూ పచ్చగా ఉన్న తీగలను కూడా తవ్వి చూశారు. వేర్ల నిండా పసుపు చుక్కలు! ఈ విపత్తు చరిత్రలో ఇంత విలువైన తవ్వకం మరొకటి లేదు. అయినా పురుగు రోగానికి ఫలితమే తప్ప కారణం కాదని పారిస్ పండితులు కొందరు ఏళ్ల తరబడి వాదించారు. అమెరికాలో ఆకు బుడిపెలు కట్టే పురుగు, ఫ్రాన్స్‌లో వేరు తినే పురుగు ఒకటేనని మిస్సోరీ కీటకశాస్త్రవేత్త చార్లెస్ వాలెంటైన్ రైలీ తేల్చి, ప్లాంషాన్‌కు బలం చేకూర్చాడు.

మందు కనిపెట్టినవారికి ప్రభుత్వం 1870లో 20,000 ఫ్రాంకుల బహుమతి ప్రకటించింది, 1874లో దాన్ని 3,00,000కు పెంచింది. నేలలోకి కార్బన్ డైసల్ఫైడ్ ఎక్కించారు. గ్రావ్సాన్‌లో లూయీ ఫోకాన్ చలికాలంలో తోటను నీట ముంచి కాపాడుకున్నాడు. ఇసుక నేలల్లో పురుగు బతకలేదు. ఇవన్నీ డబ్బో నీళ్లో తగిన నేలో ఉన్నవారికే అందే దారులు, కొండ వాలున ఎకరమో రెండెకరాలో ఉన్న రైతుకు పనికిరావు. ఆ రైతును నిలబెట్టింది అంటు. అమెరికా తీగలు పురుగును తట్టుకుంటాయని బోర్డో వాసి లియో లాలిమాన్ 1869లోనే చెప్పాడు. వాటి వేర్ల మీద ఫ్రెంచి కొమ్మను అంటుకడితే పండు ఫ్రెంచిదే, వేరు మాత్రం పురుగుకు లొంగదు. రోగాన్ని తెచ్చిన తీగలనే మళ్లీ నాటడమేమిటన్న భయం, వైన్ రుచి చెడుతుందన్న అనుమానం చాలాకాలం అడ్డుపడ్డాయి. రైతు కోణంలో చూస్తే ఈ ఆలస్యం పురుగంత నష్టమే చేసింది. 1875లో సుమారు 8.4 కోట్ల హెక్టోలీటర్లున్న ఫ్రాన్స్ వైన్ ఉత్పత్తి 1889 నాటికి 2.3 కోట్లకు పడిపోయింది. లాలిమాన్‌కూ బహుమతి దక్కలేదు, ఆయన చూపింది నివారణే గానీ చికిత్స కాదన్నారు.

సున్నపు నేలల్లో తొలి అమెరికా వేర్లు నిలవలేదు. 1887లో పియేర్ వియాలా అమెరికా వెళ్లి, టెక్సస్‌లోని డెనిసన్‌లో ఉద్యానవేత్త టి. వి. మన్సన్ సాయంతో సున్నాన్ని తట్టుకునే అడవి జాతులను గుర్తించాడు. బ్రాందీకి పేరుపొందిన కోన్యాక్ ప్రాంతానికి అవే ప్రాణం పోశాయి. నేడు డెనిసన్, కోన్యాక్ సోదర నగరాలు.

ఈ వైన్ కరవు కాలంలో బోర్డో వర్తకులు స్పెయిన్‌లోని రియోహాకు మళ్లారు, ఆల్జీరియాలో కొత్త తోటలు లేచాయి, ఎండుద్రాక్షతో చేసిన సరుకు మార్కెట్‌ను ముంచెత్తింది. దాన్ని అరికట్టడానికి వైన్ అంటే తాజా ద్రాక్షతో చేసినదేనని 1889లో చట్టం చేశారు. ప్రాంతం పేరుకు రక్షణనిచ్చే 1935 నాటి వ్యవస్థకు దారి ఇక్కడే మొదలైంది. బోర్డోలో తిరిగి నాటేటప్పుడు కార్మెనేర్ రకాన్ని దాదాపు వదిలేశారు. అది చిలీలో మెర్లో పేరుతో బతికే ఉందని జాన్ మిషెల్ బుర్సికో 1994లో గుర్తించాడు. ఫిలాక్సెరా ఇప్పటికీ చొరబడని కొద్ది దేశాల్లో చిలీ ఒకటి.

బర్గండీలోని రొమానే కోంతీ తోట మాత్రం సొంత వేర్లతోనే 1945 పంట దాకా నిలిచింది, ఆ ఏడాదే దాన్ని పెకలించారు. కాలిఫోర్నియాలో సగం వినిఫెరా రక్తమున్న ఎ.ఎక్స్.ఆర్.1 అనే వేరు మూలం దిగుబడి బాగా ఇస్తుందని విస్తారంగా నాటారు. 1980ల్లో అది ఫిలాక్సెరాకు లొంగిపోవడంతో నాపా, సోనోమా లోయల్లో వేల ఎకరాలు మళ్లీ నాటాల్సి వచ్చింది. మన దేశంలో మహారాష్ట్ర, కర్ణాటక ద్రాక్ష రైతులు విరివిగా వాడే డాగ్‌రిడ్జ్ వేరు మూలమూ టెక్సస్ అడవి ద్రాక్ష నుంచి వచ్చిందే. ఇక్కడ దాన్ని ఎంచుకున్నది పురుగు కోసం కాదు, నీటి ఎద్దడిని, ఉప్పు నేలను తట్టుకుంటుందని.