దాచిన గింజ, అందని గింజ: అనంతపురం కరవు సీమలో నిల్వ సొత్తుపై హక్కు - చారిత్రక పరిశీలన

కీలక పదాలు: పాతర, ఉపనిధి, నిక్షేపం, రాశి ముద్ర, గిడ్డంగి రశీదు, తాకట్టు, లాకరు

సొత్తు ఒకరిది, చోటు మరొకరిది అయినప్పుడు తాళం ఎవరి చేతిలో ఉండాలనేది చాలా పాత వివాదం. నగరాల్లో నెలనెలా అద్దె చెల్లించి ఇంటి సామానును నిల్వ గదుల్లో ఉంచుకునేవారికీ, ఆ గదులను నడిపే సంస్థలకూ నేడు తగాదాలు వస్తున్నాయి. బాకీ పడితే తలుపు మూయవచ్చా, నోటీసు లేకుండా తాళం పగలగొట్టవచ్చా, సామానును వేలం వేసుకోవచ్చా అనేవి ఆ తగాదాల్లోని ప్రశ్నలు. అనంతపురం లాంటి కరవు సీమలో ఇవే ప్రశ్నలు గింజ చుట్టూ తిరిగాయి. నగరంలో దాచిన మంచం నెల రోజులు ఆలస్యంగా దొరికితే అది ఇబ్బంది. ఇక్కడ దాచిన జొన్నలు నెల రోజులు ఆలస్యంగా దొరికితే ఆ ఇంట్లో మనుషులు మిగలకపోవచ్చు. దాచిన సొత్తును తిరిగి పొందే హక్కు ఈ ప్రాంతంలో ఏయే రూపాలు తీసుకుందో, ఏయే చోట్ల తెగిపోయిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పాతర

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 552 మిల్లీమీటర్లు. రెండు ఋతుపవనాలూ ఇక్కడికి చేరేసరికి అలసిపోతాయి. నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లో ఇది భాగం. 1882లో బళ్ళారి నుంచి విడివడి ప్రత్యేక జిల్లా అయింది. ఒక మంచి సంవత్సరపు పంట తర్వాతి చెడ్డ సంవత్సరాలను దాటించాలి కాబట్టి నిల్వ అనేది ఇక్కడ సేద్యంలో ఒక భాగమే తప్ప వేరే పని కాదు.

ఆ నిల్వకు ప్రధాన సాధనం పాతర. నీరు ఊరని గట్టి నేలలో, మెరక చోట, మూతి ఇరుకుగా, లోపల విశాలంగా గొయ్యి తవ్వి, అడుగునా పక్కలా చొప్ప పరచి, జొన్నలు నింపి, పైన మళ్ళీ చొప్పా మట్టీ కప్పి మెత్తేవారు. గాలి చొరబడని ఆ చీకటిలో గింజ ఏళ్ల తరబడి నిలిచేది. రంగూ వాసనా మారినా తిండికి పనికివచ్చేది. మొలకశక్తి మాత్రం తగ్గేది. అందుకే విత్తనాన్ని పాతరకు అప్పగించకుండా బూడిదా వేపాకూ కలిపి కుండల్లో, గాదెల్లో విడిగా ఉంచుకునేవారు. పాతరను తెరిచిన వెంటనే అందులోకి దిగడం ప్రాణాపాయం. చెడుగాలి పోయేదాకా ఆగాలి. ఒకసారి తెరిచాక తేమ సోకుతుంది కాబట్టి, కొంచెం తీసుకుని మిగిలింది అలాగే మూసి ఉంచడం కుదరదు.

ఈ చివరి సంగతి సాంకేతికమైనదిగా కనిపించినా, హక్కుల చరిత్రకు అదే కీలకం. పాతర విడతలవారీగా ఇచ్చే నిల్వ కాదు. ఎప్పుడు తెరవాలి అనే నిర్ణయం ఒక్కసారే జరుగుతుంది. ఒకే పాతరలో అన్నదమ్ముల గింజలో, యజమాని గింజతో పాటు ఆశ్రితుల గింజో కలిసి ఉంటే, ఒకరి ఆకలి మరొకరి ధరల లెక్కకు లోబడి ఉండాల్సిందే. నేటి పత్రికాభాషలో 'పాతర వేయడం' అంటే హామీనో చట్టాన్నో లేకుండా చేయడం. రేపటి కోసం భద్రపరచడం అనే అర్థం ఉన్న మాట తిరిగి రానివ్వకపోవడానికి పర్యాయపదం కావడం నిఘంటుకారులు పట్టించుకోదగిన పరిణామం.

గింజ పాతరకు చేరకముందే రైతుకు అందకుండాపోయే సందర్భం ఇంకొకటి ఉండేది. పంటను ప్రభుత్వంతో పంచుకునే పద్ధతిలో కళ్ళంలోని రాశి మీద ముద్ర వేసేవారు. పంపకం పూర్తయ్యేదాకా ఆ ముద్ర చెదరకూడదు. కళ్ళమూ రాశీ రెండూ రైతువే అయినా ముద్ర మాత్రం సర్కారుది. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో కాలంలో రైతువారీ విధానం బలపడి, శిస్తు నగదు రూపం తీసుకున్నాక ముద్ర అవసరం తగ్గింది. దాని స్థానంలో జప్తు వచ్చింది. 1864 నాటి మద్రాసు రెవెన్యూ రికవరీ చట్టం శిస్తు బాకీకి చరాస్తిని, పంటను స్వాధీనపరచుకునే అధికారాన్ని క్రమబద్ధం చేసింది. ముద్ర పంపకం జరిగిన పూట తొలగిపోయేది. జప్తు వేలానికి దారితీసేది. రైతు వైపు నుంచి చూస్తే రెండింటిలో కఠినమైనది రెండోదే.

అడిగిన రోజు

దాచుకున్న సొత్తు గురించి ధర్మశాస్త్రాలు స్పష్టంగానే మాట్లాడాయి. మనుస్మృతి చెప్పిన పద్దెనిమిది వ్యవహారపదాల్లో నిక్షేపం రెండోది. యాజ్ఞవల్క్యస్మృతిలో ఉపనిధికి ప్రత్యేక ప్రకరణమే ఉంది. లోపల ఏముందో చెప్పకుండా ముద్ర వేసి అప్పగించిన పెట్టె ఉపనిధి. దానిని ఉన్నది ఉన్నట్టుగా తిరిగి ఇవ్వాలి. రాజు వల్లనో దైవం వల్లనో దొంగల వల్లనో పోతే ఉంచుకున్నవాడు ఇచ్చుకోనక్కరలేదు. అయితే యజమాని అడిగాక ఇవ్వకుండా ఉండి, ఆ తర్వాత పోతే మాత్రం దాని విలువా, అంతే దండుగా చెల్లించాలి. యాజ్ఞవల్క్యుని ధర్మాన్ని విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో వ్యాఖ్యానించగా, పదమూడో శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయంగా తెలుగులోకి తెచ్చాడు. కాబట్టి ఈ వ్యవహార చింతన తెలుగు నేలకు వలస చట్టాలతో వచ్చింది కాదు.

ఇందులో గమనించవలసింది శిక్ష కన్నా గడియారం. బాధ్యత సొత్తు చేతికిచ్చిన రోజున ఒక రకంగా ఉండి, అడిగిన రోజున మరో రకంగా మారుతోంది. 1872 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన భారత ఒప్పందాల చట్టం కూడా దాదాపు ఇదే గడియారాన్ని వాడింది. సాధారణ వివేకి తన సొత్తు పట్ల చూపే శ్రద్ధను చూపితే నష్టానికి బాధ్యత లేదని 151, 152 సెక్షన్లు అంటాయి. సరైన సమయానికి తిరిగి ఇవ్వకపోవడం ఉంచుకున్నవాడి తప్పే అయితే, ఆ క్షణం నుంచి కలిగే నష్టమంతా అతనిదేనని 161వ సెక్షన్ అంటుంది. రెండు భిన్న న్యాయ సంప్రదాయాలు ఒకే చోటికి చేరడం యాదృచ్ఛికం అనిపించదు. దాపులో అసలు నమ్మకద్రోహం పోగొట్టడంలో కన్నా నిరాకరించడంలో ఉంటుందని రెండూ గుర్తించాయి.

అదే చట్టంలోని 155 నుంచి 157 వరకు ఉన్న సెక్షన్లు ధాన్యం నిల్వ కోసమే రాశారేమో అన్నట్టుంటాయి. అంగీకారంతో ఇద్దరి సొత్తు కలిపితే ఎవరి పాలు వారికి. అంగీకారం లేకుండా కలిపి, విడదీయడం సాధ్యమైతే ఆ ఖర్చు కలిపినవాడిది. సాధ్యం కాకపోతే నష్టపరిహారం ఇవ్వాలి. బాకీ కింద సొత్తును ఆపుకునే హక్కు విషయంలో చట్టం మరింత బిగువుగా ఉంది. సొత్తు మీద శ్రమనో నైపుణ్యాన్నో వెచ్చించినవాడికే 170వ సెక్షన్ ఆ హక్కు ఇస్తుంది. కేవలం కాపలా కాయడం ఆ కోవలోకి రాదన్నది సాధారణ అన్వయం. 171వ సెక్షన్ బ్యాంకర్లు, రేవు గిడ్డంగుల వారు మొదలైన కొందరికే విస్తృతమైన హక్కు ఇచ్చి, మిగిలినవారికి స్పష్టమైన ఒప్పందం ఉండాలంది. 1860 నాటి శిక్షాస్మృతి గిడ్డంగి నిర్వాహకుడి నమ్మకద్రోహాన్ని 407వ సెక్షన్ కింద విడిగా నేరం చేసింది. కాగితం మీద దాచుకున్నవాడి పక్షం బలంగానే ఉంది.

ధాత కరవు

చట్టం అమలైన నాలుగేళ్ళకు 1876 వచ్చింది. తెలుగు లెక్కలో ధాత నామ సంవత్సరం. జనం నోట ధాత కరవు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య పొరుగునున్న కర్నూలు జిల్లా దాదాపు నాలుగో వంతు ప్రజలను కోల్పోయింది. దత్తమండలాల్లో గింజ అసలే లేదని చెప్పడానికి వీల్లేదు. మద్రాసు నుంచి రాయచూరుకు 1871 నాటికి రైలుమార్గం పడింది. తాడిపత్రి, గుత్తి దాని మీదివే. స్టేషన్లలో బస్తాలు దిగుతున్నా, ఎడ్లు చచ్చిపోయి లోపలి ఊళ్ళకు మోసే బండ్లు కరవయ్యాయి. వర్తకుల కొట్లలో ఉన్నది ధర కోసం ఆగింది.

మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు 1876 చివర్లో గుట్టుగా ధాన్యం కొనిపించినప్పుడు లిట్టన్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ప్రైవేటు వర్తకంలో సర్కారు కలగజేసుకోకూడదన్నది వారి సూత్రం. 1877 జనవరిలో వచ్చిన రిచర్డ్ టెంపుల్ సహాయపు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం లెక్కకు కుదించాడు. కొట్టులోని గింజ మీద వర్తకుడి హక్కును ప్రభుత్వం సంపూర్ణంగా కాపాడింది. ఆ గింజ పండించి, అప్పు కింద అదే కొట్టుకు చేర్చిన రైతుకు దాని మీద మిగిలినదేమిటన్న ప్రశ్న పరిపాలనకు తట్టలేదు. దక్షిణాదిలో ధాన్యం దోపిళ్ళను అధ్యయనం చేసిన డేవిడ్ ఆర్నాల్డ్, 1876-78 కరవు గురించీ 1918 అల్లర్ల గురించీ రాసిన వ్యాసాల్లో, గుంపుల చర్య వెనుక ఒక న్యాయభావన ఉందని చూపాడు. ఆ భావనను ఇక్కడి పరిభాషలో చెప్పాలంటే ఊరి గింజ ఊరి ఉపనిధి, అడిగాక ఇవ్వనివాడు దండుగకు అర్హుడు. పోలీసు దృష్టిలో అది దోపిడీ. రెండు దృష్టులకూ మధ్య వారధి ఏదీ లేదు.

గింజను అప్పుగా ఇచ్చి గింజగానే వడ్డీ తీసుకునే నాగు పద్ధతి ఈ చిక్కును ఇంకా ముదిర్చింది. దాచుకున్నవాడే మరుసటి ఏడు అప్పు తీసుకునేవాడయ్యేవాడు. తన పంటనే తాను నాగుకు తెచ్చుకోవడం మెట్టప్రాంతంలో విడ్డూరం కాదు.

వేరుశనగ, రశీదు

ఇరవయ్యో శతాబ్దంలో వేరుశనగ వ్యాపించి జొన్ననూ కొర్రనూ పక్కకు నెట్టింది. 2000 తర్వాతి దశకంలో ఉమ్మడి జిల్లాలో దాని విస్తీర్ణం సుమారు 8 లక్షల హెక్టార్లకు చేరింది. వేరుశనగ పాతరకు లొంగదు. నూనెగింజ కాబట్టి గాలీ ఆరుదలా ఉన్న చోట కాయగానే నిల్వ చేయాలి. పురుగు నుంచి కాపాడాలి. అక్టోబరు, నవంబరులలో పీకిన పంటను మళ్ళీ జూన్ దాకా నిలపగల ఇల్లూ ఓపికా ఉన్నవారు తక్కువ. అప్పులవారు వాకిట్లో ఉండగా పంట కళ్ళం నుంచే అమ్ముడుపోయేది. తొలకరికి విత్తనం కోసం పట్టాదారు పాసుపుస్తకం పట్టుకుని రాయితీ కౌంటర్ల ముందు వరుసలో నిలబడిన రైతు ఆ పోయిన నిల్వకు ప్రత్యక్ష సాక్షి.

గిడ్డంగి చట్టాలు ఈ ఖాళీని పూడ్చడానికే వచ్చాయి. 1928 నాటి రాయల్ వ్యవసాయ కమిషన్ మొదలు గోర్వాలా అధ్యక్షతన జరిగిన గ్రామీణ పరపతి సర్వే దాకా అందరూ సిఫారసు చేసింది లైసెన్సు గల గిడ్డంగులనే. మద్రాసు రాష్ట్రం 1951లో గిడ్డంగుల చట్టం చేసింది. కేంద్ర గిడ్డంగుల సంస్థ 1957లో, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర సంస్థ 1958లో ఏర్పడ్డాయి. మార్కెట్ కమిటీల ద్వారా నడిచిన పాత రైతుబంధు పథకం సరుకు విలువలో 75 శాతం దాకా అప్పు ఇచ్చింది. ఇది తెలంగాణలో 2018లో మొదలైన అదే పేరుగల నగదు పథకం కాదు. 2007 నాటి గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ చట్టం రశీదును చేతులు మారగల పత్రంగా చేసింది. 2017 నుంచి ఆ రశీదు ఎలక్ట్రానిక్ రూపంలోనూ వస్తోంది.

రశీదుతో హక్కు బలపడింది గానీ తాళాలు రెండయ్యాయి. సరుకు గిడ్డంగిలో, రశీదు బ్యాంకులో. గిడ్డంగి అద్దెతో పాటు బ్యాంకు అప్పూ తీరేదాకా గింజ కదలదు. కర్ణాటకలో ఒక శీతల గిడ్డంగి 2014 జనవరిలో కాలిపోయి, అందులో బ్యాంకుకు తాకట్టు పెట్టిన రైతుల మిరప బూడిదైంది. బీమా ఒప్పందంలో రైతులు పక్షం కారని కంపెనీ వాదించింది. సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో రైతులు కూడా వినియోగదారులేనని తేల్చి, బీమా కంపెనీయే చెల్లించాలంది. ఆ సమాధానానికి ఆరేళ్ళు పట్టింది. మిరప రైతుకు ఆరేళ్ళంటే ఆరు పంటలు.

లాకరు, నిల్వ గది

ఆహారధాన్యం కాని సొత్తు విషయంలో ఈ వివాదం తేటగా తేలింది లాకర్ల దగ్గర. ఒక ఖాతాదారు అద్దె చెల్లించి ఉన్నా 1994లో బ్యాంకు నోటీసు లేకుండా లాకరు పగలగొట్టింది. ఏడు నగల్లో రెండే తిరిగి వచ్చాయన్నది ఆయన ఫిర్యాదు. సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 19న 5 లక్షల రూపాయల పరిహారం ప్రకటించి, ఆరు నెలల్లో నిబంధనలు చేయమని రిజర్వు బ్యాంకును ఆదేశించింది. 2022 జనవరి 1 నుంచి అమలైన ఆ నిబంధనల ప్రకారం, వరుసగా మూడేళ్ళు అద్దె బాకీ పడ్డాకే, తగిన నోటీసు ఇచ్చాకే లాకరు తెరవాలి. అగ్నిప్రమాదం, దొంగతనం, సిబ్బంది మోసం వంటి వాటి వల్ల సొత్తు పోతే వార్షిక అద్దెకు నూరు రెట్ల దాకా బ్యాంకు బాధ్యత. నిర్లక్ష్యం లేని ప్రకృతి విపత్తుకు బాధ్యత లేదు. యాజ్ఞవల్క్యుడు మినహాయించిన ముగ్గురిలో దైవం ఇప్పటికీ మినహాయింపులోనే ఉండగా దొంగ మాత్రం బయటపడ్డాడు. కాపలాకే అద్దె తీసుకునేవాడు దొంగను సాకుగా చూపరాదన్న భావన ఇందులో కనిపిస్తుంది.

అద్దె నిల్వ గదులకు ఈ రక్షణ లేదు. అమెరికాలో రాష్ట్రాలు వీటి కోసమే చట్టాలు చేసి, బాకీదారుకు నోటీసు ఇచ్చి వేలం వేసే పద్ధతిని నిర్దేశించాయి. మన దేశంలో ప్రత్యేక చట్టం లేకపోవడంతో తాళం ఎవరి వద్ద ఉందన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. సంస్థ వద్ద ఉంటే అది 1872 చట్టం చెప్పే అప్పగింత. అద్దెదారు వద్దే ఉంటే, 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం చెప్పే లైసెన్సుగా చోటును వాడుకోవడం మాత్రమేనని సంస్థ వాదించవచ్చు. అనంతపురం పల్లెల నుంచి పనుల కోసం బెంగళూరు వెళ్ళే కుటుంబం అద్దెయిల్లు ఖాళీ చేసి సామానును గదిలో పెట్టినప్పుడు సంతకం చేసే పత్రంలో ఈ రెండింటిలో ఏది ఉందో సాధారణంగా గమనించదు.

కాలపరిమితి చట్టం కూడా మారింది. 1908 చట్టంలోని 145వ అధికరణం దాచిన సొత్తు కోసం దావా వేయడానికి దాచిన రోజు నుంచి ముప్ఫై ఏళ్ళ గడువు ఇచ్చింది. 1963 చట్టంలోని 70వ అధికరణం దానిని మూడేళ్ళకు కుదించి, లెక్కను అడిగాక నిరాకరించిన తేదీ నుంచి మొదలుపెట్టింది. నోటిమాటగా అడిగి, నోటిమాటగా రేపు రమ్మనిపించుకుని తిరిగి వెళ్ళిన మనిషి విషయంలో ఆ తేదీ ఏదన్నదే కోర్టులో మొదటి తగాదా.