తాడు వదిలే చక్రం

ఎచ్చెర్ల మండలంలో బుడగట్లపాలెం, డి.మత్స్యలేశం వంటి తీరాల నుంచి గాలం వేటకి వెళ్లేవాళ్లకి కొమ్ముకోనం అంటే భయం, ఆశ రెండూ ఉంటాయి. వంద కిలోలు కూడా దాటగల చేప అది. గాలానికి తగలగానే ముందు పరుగు తీస్తుంది. నైలాను తాడు వేళ్ల మధ్య నుంచి సర్రుమని జారిపోతుంది. వదిలేస్తే చేప పోతుంది, బిగించి పట్టుకుంటే చెయ్యి తెగుతుంది. తాడు ఏ వేలికైనా చుట్టుకుందా, మనిషే నీళ్లలోకి పోతాడు. ఇది ఉత్త మాట కాదు. 2025 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడక మత్స్యకారుడొకర్ని గాలానికి పడ్డ కొమ్ముకోనం అలాగే సముద్రంలోకి లాక్కుపోయింది.

ఎంత వదలాలి, ఎంత బిగించాలి అన్న ఈ చిక్కుని విప్పినవాళ్లు భూగోళానికి అవతలి పక్క ఉన్నారు. వాళ్లు పొట్ట కోసం కాదు, సరదా కోసం చేపలు పట్టేవాళ్లు.

కాలిఫోర్నియా తీరానికి ఎదురుగా కాటలీనా అని ఒక దీవి ఉంది. 1886లో అక్కడి ఆవలాన్ ఊరికి చార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్ అనే ప్రకృతి శాస్త్రవేత్త వెళ్లాడు. జనం ఒడ్డున నిలబడి మోటు తాళ్లతో పెద్ద పెద్ద చేపల్ని బరబరా ఈడ్చేయడం చూశాడు. తినడానికి పనికొచ్చినవి కొన్నే, పారేసినవి చాలా. ఆయనకి అది నచ్చలేదు. చేపకీ ఒక అవకాశం ఉండాలన్నాడు. సన్నటి నార దారం, వంగే కర్ర, దారం చుట్టుకునే చిన్న చక్రం, వీటితోనే పట్టాలని పట్టుబట్టాడు. 1898 జూన్ 1న ఆ సరంజామాతోనే 83 కిలోల ట్యూనాని, అంటే మన సూర జాతి చేపని, పడవలోకి తెచ్చాడు. నాలుగు గంటలకి కాస్త తక్కువ పట్టింది. అంతసేపూ చేపే పడవని ఈడ్చుకుంటూ తిరిగింది.

ఆ ఏడే ఆ దీవిలో ట్యూనా క్లబ్ పుట్టింది. దారం ఇంతకన్నా మందం ఉండకూడదు, గాలానికి చేప తగిలాక పడవ దాకా తెచ్చే పని ఆ మనిషి ఒక్కడే చేయాలి, ఇంకొకరు చెయ్యి వేయకూడదు. ఈ షరతులతో ఏటా వేసవిలో పోటీలు జరిగేవి. 1899లో ఒకాయన 114 కిలోల ట్యూనాని పట్టాడు. ఇవాళ లోకంలో చాలాచోట్ల జరిగే ఉప్పునీటి చేపల పోటీల వెనక ఈ దీవి నియమాల నీడ ఉంటుంది.

నియమాలు బాగానే ఉన్నాయి గానీ చక్రమే బాగాలేదు. అప్పటి చక్రానికి పిడి నేరుగా బిగించి ఉండేది. చేప పరుగెత్తితే దారపు ఉండతో పాటు పిడీ వెనక్కి గిర్రున తిరిగేది. ఆ సమయంలో పిడి మీద చెయ్యి ఉంటే కణుపులు చితికిపోవాల్సిందే. బ్రేకు అంటే ఒక తోలుముక్క. దాన్ని బొటనవేలితో దారం మీద అదిమి పట్టాలి. గంటల తరబడి అలా అదిమితే వేలి సంగతి చెప్పక్కర్లేదు. అంటే సన్నదారం వచ్చినా, కర్ర వచ్చినా, చివరికి బరువు మోసింది మళ్లీ మనిషి చెయ్యే.

విలియం బోషెన్ అనే క్లబ్ సభ్యుడు దీని మీదే మనసు పెట్టాడు. పిడికీ, దారపు ఉండకీ మధ్య ఉన్న ముడిని తెంచాలి, అయితే పూర్తిగా తెంచకూడదు. ఆయన ఆలోచనకి జో కాక్స్ అనే పనివాడు రూపమిచ్చాడు. పళ్ల చక్రం లోపల ఒక లోహపు బిళ్ల, ఒక తోలు బిళ్ల, మళ్లీ లోహం, మళ్లీ తోలు, ఇలా వరసగా పేర్చారు. పిడి కింద నక్షత్రం ఆకారంలో ఒక మర పెట్టారు. దాన్ని బిగిస్తే బిళ్లలు ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి, వదులు చేస్తే జారతాయి. దారం ఎంత బరువుకి తెగుతుందో దానికి కాస్త తక్కువలో ఆ మరని నిలిపితే చాలు. చేప అంతకు మించి లాగితే ఉండ జారి దారం వదులుతుంది, పిడి మాత్రం కదలదు. చేప అలిసిన క్షణాన పిడి తిప్పుకోవచ్చు. 1913లో బోషెన్ ఈ చక్రంతోనే 160 కిలోలు దాటిన కత్తిచేపని పట్టాడు. తర్వాత జూలియస్ వామ్ హోఫ్ అనే తయారీదారు దీన్ని ‘బి-ఓషన్’ పేరుతో అమ్మాడు. ఆ పేరులో బోషెన్ వినిపిస్తాడు.

నా దృష్టిలో ఈ కథలో అసలు ఆవిష్కరణ ఆ తోలు బిళ్లల వరసే. తర్వాతివన్నీ దాని మీద నిలబడ్డవే. 1939లో ఇలా పట్టిన చేపల రికార్డులు రాయడానికి ఒక అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. 1953లో పెరూ తీరంలో ఆల్ఫ్రెడ్ గ్లాసెల్ 707 కిలోల నల్ల మార్లిన్‌ని పట్టాడు. మనవాళ్లు కొమ్ముకోనం అనే చేపల కోవలోదే అది. ఒక్క మనిషి, ఒక్క దారం.

మన తీరంలో ఇలాంటి పోటీ పెడితే బాగుంటుందని అనేవాళ్లున్నారు. అయితే ఇక్కడ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను బోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే ఆ కాలాన్ని కాపాడుకోవాలి, కాబట్టి మన పోటీ వేసవిలో కుదరదు. జూన్ తర్వాత పెట్టుకోవచ్చు. కానీ పోటీ కంటే ముందు ఆ చక్రం రావాలి. దాని అవసరం సరదాకి వెళ్లేవాడికి కాదు, తెల్లారకముందే తెప్ప నెట్టుకుని పోయేవాడికి.

ఖరీదైన విదేశీ సరుకే కావాలని లేదు. 1970ల్లో పసిఫిక్‌లోని సమోవా దీవుల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిపుణులు స్థానిక జాలర్లతో కలిసి కర్రతోనే చేతిచక్రం చేశారు. పెద్ద చట్రం, పెద్ద పిడి, పడవ అంచుకి గట్టిగా బిగింపు. చేప లాగుడు మనిషి వేళ్ల మీద కాక పడవ మీద పడుతుంది. మన ఫైబర్ తెప్ప అంచు పల్చన, ఉన్నదున్నట్టు బోల్టు బిగిస్తే చీలుతుంది. లోపలివైపు ఒక చెక్క పలక పెట్టి, దాని మీద ఫైబర్ పూత వేయించి, అప్పుడు బిగించాలి. తెప్పలకి అతుకులు వేసే మన పనివాళ్లకి అది చేతిలో పనే.