ఉన్నత పాఠశాల హద్దులు: పల్నాడు అనుభవం

ఒక గ్రామానికి కొత్తగా ఉన్నత పాఠశాల మంజూరైందంటే ఆ ఊరివాళ్లు సంతోషిస్తారు. శంకుస్థాపన ఫలకం మీద పేర్లు చెక్కిస్తారు. అదే సమయంలో విద్యాశాఖ కార్యాలయంలో మరో పని జరుగుతుంది. ఇంతవరకు పాత ఉన్నత పాఠశాలకు వెళ్తున్న చుట్టుపక్కల ఊళ్లలో ఏవి ఇకమీద కొత్తదానికి వెళ్లాలో జాబితా రాస్తారు. ఈ జాబితాకు ఫలకం ఉండదు. అయినా ఏ పిల్ల పదో తరగతి దాకా చదివింది, ఏ పిల్ల ఏడుతో ఆగింది అన్న ప్రశ్నకు జవాబు ఎక్కువగా దొరికేది ఇందులోనే. ఈ భాగంలో మీరు పల్నాడు ప్రాంతాన్ని ఆధారంగా తీసుకుని ఆ జాబితాల చరిత్రను పరిశీలిస్తారు.

ముందుగా ‘పల్నాడు’ అనే పేరు గురించి ఒక మాట. పాత పల్నాడు తాలూకాకు గురజాల కేంద్రం. గురజాల, మాచర్ల ప్రాంతాలే అసలు పల్నాడని ఇప్పటికీ అక్కడి పెద్దలు అంటారు. 1904లో ఏర్పడిన గుంటూరు జిల్లాలో ఇది ఒక భాగం. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా 28 మండలాలతో ఏర్పడిన పల్నాడు జిల్లా అంతకంటె చాలా పెద్దది. జిల్లా మారింది గాని జిల్లా పరిషత్తు మారలేదు. ఇక్కడి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలు ఉమ్మడి గుంటూరు జిల్లా పరిషత్తు కిందనే కొనసాగాయి. రెవెన్యూ హద్దు ఒకటి, బడి హద్దు మరొకటి అని గుర్తుంచుకోవడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

మిషన్ బడుల నాటి హద్దు

అమెరికన్ లూథరన్ మిషనరీ హయ్యర్ 1842లో గుంటూరు చేరి, 1849లో గురజాలకు మకాం మార్చాడు. నరసరావుపేట, వినుకొండ వైపు అమెరికన్ బాప్టిస్టు మిషన్ 19వ శతాబ్దం చివరి దశకాలలో పనిచేసింది. 1854 నాటి ఉడ్ నివేదిక తరువాత ప్రభుత్వ గ్రాంటు అందుకుంటూ ఈ మిషన్లు ఊరూరా చిన్న బడులు పెట్టాయి. వాటి పరిధిని మైళ్లతో కొలవలేదు. సంఘం ఎంతవరకు ఉంటే బడి అంతవరకు. అవి ఎక్కువగా ఊరికి ఎడంగా ఉన్న దళితవాడలలో నడిచాయి. ఊళ్లోని బోర్డు బడి ఆ పిల్లలకు కూతవేటు దూరంలోనే ఉండేది, కాని అందులోకి ప్రవేశం ఉండేది కాదు. దూరం ఒక్కటే బడి హద్దును నిర్ణయించదన్న విషయం మీకు ఇక్కడే మొదటిసారి ఎదురవుతుంది.

1920 మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం జిల్లా విద్యామండళ్లను ఏర్పరచింది. బడి లేని ఊళ్లను గుర్తించి విద్యావ్యాప్తికి పథకాలు తయారుచేయడం వాటి బాధ్యత. ఉన్నత పాఠశాల మాత్రం పట్టణానికే పరిమితమై ఉండేది. అప్పట్లో ఉన్నత విద్యకు హద్దు అంటే పట్టణంలో పిల్లవాణ్ని ఉంచుకునే బంధువుల ఇల్లు ఉందా లేదా అన్నదే. ఆడపిల్ల విషయంలో ఆ ప్రశ్న పుట్టడమే అరుదు.

సర్వే, సమితి, కాలువ

స్వాతంత్ర్యానంతరం 1957లో జరిగిన మొదటి అఖిల భారత విద్యా సర్వే ఈ చరిత్రలో ఒక మలుపు. రెవెన్యూ గ్రామానికి బదులు ఆవాసాన్ని, అంటే జనం నిజంగా కాపురముండే గుంపును, అది లెక్కకు తీసుకుంది. ప్రతి ఆవాసం ఏ బడి పరిధిలోకి వస్తుందో గుర్తించి, లేనిచోట కొత్త బడి ఎక్కడ పెట్టాలో సూచించింది. శివారు పల్లె, తండా, గూడెం కాగితం మీదికి విడివిడిగా వచ్చింది అప్పుడే. కొఠారీ కమిషన్ 1966లో పొరుగు బడి భావనను ముందుకు తెచ్చింది. ఒక ప్రాంతంలోని పిల్లలందరూ కులం, ఆస్తి తేడా లేకుండా ఒకే బడిలో చదవాలన్నది దాని సారం. ఒక ఉన్నత పాఠశాల, దాని చుట్టూ ఉన్న ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలలు కలిసి ఒక సముదాయంగా పనిచేయాలని కూడా ఆ కమిషన్ చెప్పింది. మనం ఇప్పుడు స్కూల్ కాంప్లెక్స్ అంటున్నది దానినే.

అంతకుముందే, 1959లో, రాష్ట్రంలో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. ప్రాథమిక, ప్రాథమికోన్నత బడులు సమితి చేతిలోకి, ఉన్నత పాఠశాలలు పరిషత్తు చేతిలోకి వెళ్లాయి. ఏడో తరగతికి ఒక యజమాని, ఎనిమిదికి మరొకరు. ఏడు పాసైన పిల్లలు ఎక్కడికి వెళ్లారో పూర్తిగా పట్టించుకోవలసిన బాధ్యత ఈ ఇద్దరిలో ఎవరిమీదా స్పష్టంగా పడలేదని నా అభిప్రాయం.

ఇదే కాలంలో పల్నాడు నేల స్వరూపం మారింది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ కింద మెట్ట పొలాలు మాగాణి అయ్యాయి, జనం పెరిగారు, విజయపురి సౌత్ వంటి కాలనీలు వెలిశాయి. పిల్లలు పెరిగితే ఉన్నత పాఠశాలలు కావాలి. కాని కాలువ బడిని రప్పించినట్లే దారినీ కోసింది. కాలువకు అవతలి గట్టున కొత్త ఉన్నత పాఠశాల కనిపిస్తూ ఉంటుంది. వంతెన రెండు కిలోమీటర్ల ఎగువన ఉంటే, పటం మీది అర కిలోమీటరు పిల్ల కాళ్లకు నాలుగు కిలోమీటర్లు దాటుతుంది. విద్యాశాఖలో బడి పరిధిని ‘క్యాచ్‌మెంట్ ఏరియా’ అంటారు. అది నీటిపారుదల శాఖ మాట. వాన నీరు పల్లానికి దానంతట అదే చేరుతుంది. పిల్లలు అలా చేరరు.

అప్‌గ్రేడ్ అంటే ఏమిటి

మన రాష్ట్రంలో కొత్త ఉన్నత పాఠశాల అంటే చాలాసార్లు కొత్త బడి కాదు. ఉన్న ప్రాథమికోన్నత పాఠశాలను పెంచుతారు. మొదటి ఏడాది ఎనిమిది, మరుసటి ఏడాది తొమ్మిది, ఆపైన పది. మూడో ఏడాది గాని ఆ బడి నుంచి పదో తరగతి పరీక్షకు ఎవరూ కూర్చోరు. ఈ మూడేళ్లూ చుట్టుపక్కల తల్లిదండ్రులు ఊగిసలాడుతారు. లెక్కలకు, ఇంగ్లీషుకు సబ్జెక్టు టీచరు వస్తాడో రాడో తెలియని బడికి పంపాలా, దూరమైనా కుదురుకున్న పాత బడికి పంపాలా? పోస్టులు విద్యార్థుల సంఖ్యను బట్టి ఉంటాయి. నాలుగు ఊళ్లు కొత్త బడికి పోతే పాత బడిలో సెక్షన్ తగ్గుతుంది, హేతుబద్ధీకరణలో పోస్టు కదిలిపోతుంది. అందుకే హద్దు మార్పును గట్టిగా వ్యతిరేకించేవారిలో పాత బడి ఉపాధ్యాయులు కూడా ఉంటారు. దాన్ని స్వార్థమని కొట్టిపారేయకండి. పోస్టు పోయిన బడిలో మిగిలిన పిల్లలకూ నష్టమే.

ఫ్రాన్సులో 1963లో ‘కార్త్ స్కొలేర్’ పేరుతో బడి పటాలు వచ్చాయి. ప్రభుత్వ బడిలో చేర్చాలంటే ఏ వీధి పిల్ల ఏ బడికి వెళ్లాలో అవే నిర్ణయించాయి. 2007లో ఆ నిబంధనను సడలించారు. మన దగ్గర అంత బిగింపు ఎన్నడూ లేదు. టీసీ తీసుకుని పిల్లవాణ్ని మరో ఊరి బడిలో చేర్చవచ్చు. అయితే ఈ స్వేచ్ఛ ఆటో చార్జీ పెట్టుకోగలవాళ్లకే పనికివస్తుంది. మిర్చి కోతల కాలంలో తల్లితోపాటు కూలికి వెళ్లే పిల్లకు జాబితాలో రాసిన బడే బడి. అది నడిచిపోలేనంత దూరమైతే ఇంక బడి లేదు.

ఇటీవలి మార్పులు

2009 విద్యాహక్కు చట్టం ‘పొరుగు’ అన్న మాటకు చట్టబలం ఇచ్చింది. రాష్ట్ర నియమాలు ఐదో తరగతి వరకు ఒక కిలోమీటరు, ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల నడక దూరం అన్నాయి. అదే ఏడాది మొదలైన రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ ఉన్నత పాఠశాలకు ఐదు కిలోమీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. చట్టం హక్కు ఎనిమిదితో ముగుస్తుంది, లక్ష్యం మాత్రం పది దాకా ఉంటుంది. తొమ్మిదో తరగతి పిల్ల ఈ రెంటి మధ్య నిలబడి ఉంటుంది. ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్లిచ్చిన ‘బడికొస్తా’ పథకాన్ని ఈ సందర్భంలో చూడాలి. హద్దును దగ్గరకు జరపలేనప్పుడు పిల్లకు చక్రాలిచ్చారు.

2022 జూన్‌లో వచ్చిన జీవో 117 హద్దును మరోవైపు నుంచి కదిపింది. ఉన్నత పాఠశాలకు కిలోమీటరు లోపున్న ప్రాథమిక బడుల నుంచి మూడు, నాలుగు, ఐదు తరగతులను దానికి ‘మ్యాపింగ్’ చేశారు. ఎనిమిదేళ్ల పిల్లలకు సబ్జెక్టు టీచర్లు దొరుకుతారన్నది ప్రభుత్వ వాదన, అందులో నిజం లేకపోలేదు. జూలై 5న బడులు తెరిచాక రాష్ట్రంలో అనేకచోట్ల తల్లిదండ్రులు నిరసనకు దిగారు. వారు అడిగింది బోధన గురించి తక్కువ, దారి గురించి ఎక్కువ: మధ్యలో హైవే ఉంది, కాలువ ఉంది, రైలు పట్టాలున్నాయి, చిన్నపిల్లలు ఎలా దాటుతారు? 2025 మేలో ప్రభుత్వం ఆ జీవోను రద్దుచేసి బడులను మళ్లీ కొత్త వర్గాలుగా ఏర్పరచింది. మూడేళ్లలో ఒకే ఊరి మూడో తరగతి రెండుసార్లు చోటు మారిన సందర్భాలు దీనివల్ల ఏర్పడ్డాయి.

మీరు చేయవలసిన పని

ఈ చరిత్రకు ముఖ్యమైన ఆధారం ప్రతి ఉన్నత పాఠశాల బీరువాలోనూ ఉంటుంది. అది ప్రవేశాల రిజిస్టరు. అందులో ‘ఇంతకుముందు చదివిన పాఠశాల’ అని ఒక గడి ఉంటుంది. ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకుని, మీ మండలంలో ఒక ఉన్నత పాఠశాల అప్‌గ్రేడ్ అయిన సంవత్సరానికి ముందు ఐదేళ్లు, తరువాత ఐదేళ్ల పుటలు చూడండి. పిల్లల పేర్లు రాసుకోవద్దు, ఊళ్ల పేర్లు, సంఖ్యలు చాలు. పాత బడి రిజిస్టరులో ఒక ఊరి పేరు ఏ జూన్‌లో ఆగిపోయింది, కొత్త బడిలో ఏ జూన్‌లో మొదలైంది అన్నది నమోదు చేయండి. తరువాత ఆ ఊరి ప్రాథమికోన్నత పాఠశాలకు వెళ్లి ఏడో తరగతి పూర్తిచేసినవారి సంఖ్యతో సరిపోల్చండి. రెండు ఉన్నత పాఠశాలల్లోనూ కనిపించని వాళ్లెందరో తేలుతుంది. వాళ్లలో బాలికలు ఎందరో విడిగా రాయండి.